పీలికలు, ముడులు, ఒక సంఘం: చర్చిలో సామూహిక వస్త్రశిల్పం చేయించే సేవ ఎలా ఉంది?

చర్చికి వచ్చి, సంఘస్థుల చేతనే, వాళ్లు ఇళ్ల నుంచి తెచ్చిన గుడ్డలతోనే, పైకప్పు నుంచి వేలాడే పెద్ద శిల్పాన్ని తయారు చేయించి వెళ్లే వస్త్ర కళాకారులు అమెరికాలో పలుచోట్ల ఉన్నారు. న్యూజెర్సీలోని మా తెలుగు సంఘం తన వార్షికోత్సవానికి అలాంటి ఒక కళాకారిణి సేవను తీసుకుంది. పని మొదలైన నాటి నుంచి శిల్పం కిందికి దిగే వరకు నేను నిర్వాహక బృందంలో ఉన్నాను. ఇదే ఆలోచనలో ఉన్న ఇతర తెలుగు సంఘాలకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. కళాకారిణి పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఈ పని చేసేవాళ్లలో ఎవరిని పిలిచినా దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి గనుక, పేరు కంటే పని తీరు తెలియడం ముఖ్యమని నా అభిప్రాయం. తీర్పు ముందే చెప్పేస్తాను: ఈ సేవ తీసుకోదగినదే, ఇచ్చిన రుసుముకు న్యాయం జరిగింది. అయితే తెలుగు సంఘానికి అది అచ్చంగా సరిపోవాలంటే ఒప్పందం రాసుకునేటప్పుడే కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

సేవలో భాగంగా వచ్చేవి ఇవి: సంఘంతో తొలి సమావేశం, శిల్పం ఎలా ఉండబోతోందో చూపే నమూనా చిత్రం, గుడ్డల సేకరణకు మార్గదర్శనం, శనివారాల్లో జరిగే తయారీ కూటాలు, వేలాడదీయడం, గడువు ముగిశాక దించడం. గుడ్డలు వేలాడదీసే పెద్ద లోహపు ఉంగరాలు, తీగలు, కొక్కేలు, గుడ్డ మీద రాసే కలాలు ఆమెవే. గుడ్డ, మనుషులు, భోజనాలు మావి.

ఇలాంటి పనికి ఈ దేశంలో పేరు తెచ్చినవారిలో ఆన్ ప్యాటర్సన్ ముఖ్యురాలు. యేల్ విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పం, లండన్‌లోని స్లేడ్ కళాశాలలో రంగస్థల అలంకరణ చదివిన ఈమెకు సంగీతం వింటే కళ్ల ముందు రంగులు కనిపిస్తాయి. సినెస్తీషియా అనే ఆ అనుభవమే ఆమె కళకు మూలం. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథెడ్రల్‌లో ఆమె సుమారు 20 మైళ్ల రిబ్బన్లను వేలాడదీశారు. పదేళ్ల తరువాత, 2023లో, న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ది డివైన్ కెథెడ్రల్‌లో ‘ది డివైన్ పాత్‌వేస్’ అనే పని చేశారు. 1,100కు పైగా వస్త్రపు పట్టీలు, ఒక్కొక్కటి 75 అడుగుల పొడవు, అన్నీ కలిపితే 15 మైళ్లకు పైమాటే. ఆ పట్టీల మీద కెథెడ్రల్ సమాజానికి చెందినవాళ్లు తమ ప్రార్థనలను, ఆశలను రాశారు. 1892లో పునాదిరాయి వేసినా ఇప్పటికీ పూర్తి కాని ఆలయం అది. 601 అడుగుల పొడవు, నడిమి భాగంలో 124 అడుగుల ఎత్తు. అంతటి రాతి కట్టడంలో తలుపులు తెరిచినప్పుడల్లా కదిలే గుడ్డను చూస్తే, ఆలయం ఊపిరి తీసుకుంటున్నట్టే అనిపిస్తుంది. మా బృందం ఆ పనిని చూసి వచ్చిన తరువాతే ఇలాంటి సేవ తీసుకోవాలన్న నిర్ణయం జరిగింది.

ఆ పని అందం గురించి నాకు ఏ సందేహమూ లేదు. రాసినవాళ్ల అక్షరాలు కింద నిలబడ్డవాళ్లకు అందనంత ఎత్తులో ఉంటాయి, అదీ తగినదే. ప్రార్థన పక్క మనిషి చదవడానికి రాసేది కాదు. అయితే ప్రార్థన వేరు, సంఘం వేరు. సంఘాన్ని గురించి ఒక శిల్పం చేస్తున్నామని చెప్పినప్పుడు, దాన్ని తూచే తూకం మరొకటి ఉండాలని నేను నమ్ముతున్నాను. పాల్గొన్నవాళ్ల వల్ల శిల్పం రూపం ఎంత మారింది? ఫలానా మనిషి ఆ శనివారం రాకపోయి ఉంటే పైన వేలాడేది వేరుగా ఉండేదా? ఒక కళాకారుడు ముందే గీసుకున్న రూపంలోకి వందమంది తలా ఒక పట్టీ ఇవ్వడం కూడా భాగస్వామ్యమే, కాదనను. బైబిల్లోని నిర్గమకాండం 35వ అధ్యాయంలో స్త్రీలు తమ చేతులతో వడికిన నీల ధూమ్ర రక్తవర్ణాల నూలు తెచ్చారు, ఆ నూలుతో చేసిన ఆరాధన స్థలమైన ప్రత్యక్ష గుడారం నమూనా మాత్రం కొండ మీద నుంచి, దేవుడి దగ్గరి నుంచి వచ్చింది. ఆ తరువాతి అధ్యాయంలో జనం అవసరానికి మించి తెస్తుంటే ఇక చాలని మోషే చాటింపు వేయించవలసి వచ్చింది. మా పాస్టరు గారు గుడ్డల సేకరణ ప్రకటించిన ఆదివారం ఈ భాగాన్నే ప్రసంగానికి తీసుకున్నారు. కానీ మాకు దొరికిన కళాకారిణి తన నమూనా కొండ మీద నుంచి వచ్చినదేమీ కాదని మొదటి సమావేశంలోనే చెప్పారు. ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకున్నారన్నదే ఈ సమీక్షలో నేను ప్రధానంగా చూసినది.

సేకరణ దగ్గర ఆమె పెట్టిన నియమం ఒక్కటే: కొత్త గుడ్డ వద్దు, ఒంటి మీద వేసుకున్నది తేవాలి. ఇది చాలా మంచి నియమం. కొత్త శాటిన్ రిబ్బను తెమ్మని ఉంటే అందరూ ఒకే దుకాణానికి వెళ్లి ఒకే రకం కొని తెచ్చి ఉండేవాళ్లు. వాడిన గుడ్డ అనేసరికి ఉప్పాడ చీరలు, మంగళగిరి చీరలు, పోచంపల్లి ఇక్కత్ దుప్పట్టా, గళ్ల లుంగీ, బాప్తిస్మపు తెల్ల అంగీ, గాయక బృందం పాత గౌనులు, ఒక తాతగారి ఖద్దరు పంచె వచ్చాయి. మా సంఘంలో నర్సులు ఎక్కువ. వాళ్లు ఆసుపత్రిలో తొడుక్కునే నీలం, ఆకుపచ్చ స్క్రబ్స్ అన్నిటికంటే ఎక్కువగా వచ్చాయి. శిల్పానికి ప్రధానమైన రంగు ఏదో ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు, సంఘంలో ఎవరు ఏ పని చేసి బతుకుతున్నారో దాన్నిబట్టి అది తేలింది. నమూనా చిత్రంలో కళాకారిణి వేసుకున్నవి బంగారు, ఎరుపు ఛాయలు. ఆమె ఆ చిత్రాన్ని పక్కన పెట్టి నీలాన్ని అంగీకరించారు. ఆమె మీద నాకు గౌరవం మొదలైంది అక్కడే.

మేము ఆరాధన చేసుకునే భవనం మాది కాదు. ఒక మెథడిస్టు సంఘం ఆలయాన్ని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటాం. అందుకని ఆ సంఘం పెద్దల అనుమతి కావలసి వచ్చింది. అనుమతి అడగడానికి వెళ్లినప్పుడు వాళ్లనూ గుడ్డలు తెమ్మని ఆహ్వానించాలన్న సలహా కళాకారిణిదే. ఎన్నో ఏళ్లుగా ఒకే తలుపు గుండా వేర్వేరు వేళల్లో వస్తూ పోతూ ఉన్న రెండు సంఘాలు ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం అదే మొదలు. వాళ్లలో ఒక పెద్దావిడ తన తల్లి కుట్టిన క్విల్టు (గుడ్డముక్కల బొంత) నుంచి మిగిలిన ముక్కలు తెచ్చారు. ఈ ఒక్క సలహాకే రుసుములో సగం చెల్లు అనుకుంటాను.

ఇక అసలు చర్చ జరిగింది అమరిక దగ్గర. తెలుగు సంఘం అంటే బయటివాళ్లకు ఒకటే గుంపుగా కనిపించవచ్చు. లోపల మాత్రం గుంటూరు, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన లూథరన్లు, ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల బాప్టిస్టులు, మెదక్, దోర్నకల్, కృష్ణా గోదావరి ప్రాంతాల దక్షిణ ఇండియా సంఘంవాళ్లు, కథోలిక కుటుంబాల నుంచి వచ్చి ఇక్కడ కలిసినవాళ్లు, అందరూ ఉంటారు. వాటి వెనకాల ఊళ్లు, ఊళ్ల వెనకాల కులాలు ఉన్నాయి. ఏ పేట నుంచి వచ్చారో పైకి అడగకుండానే తెలుసుకునే నేర్పు మనకు ఇక్కడిదాకా వచ్చి కూడా పోలేదు. ఇది తెలియని కళాకారిణి మంచి ఉద్దేశంతోనే, జిల్లాకు ఒక గుత్తి చొప్పున పీలికలను వేలాడదీసి, వాటన్నిటినీ పైన ఒక ఉంగరంలో కలుపుదామని ప్రతిపాదించారు. సమావేశంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా పెద్దాయన ఒకరు మా కార్యదర్శితో, “అమ్మా, ఊళ్లో పేటలు వేరుగానే ఉండేవి. ఇక్కడ గుడ్డలకు కూడా పేటలు కట్టకండి” అన్నారు. ఆ మాటను ఇంగ్లీషులో చెప్పడానికి మా కార్యదర్శికి కొంత సమయం పట్టింది, ఎందుకంటే మాట ఒక్కటి చెబితే చాలదు, దాని వెనుక ఉన్నదంతా చెప్పాలి. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పింది. కళాకారిణి చివరిదాకా విన్నారు, రెండు మూడు ప్రశ్నలు అడిగారు, ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. దాని స్థానంలో చీటీలు వేసే పద్ధతి వచ్చింది. ఎవరి పీలిక పక్కన ఎవరిది కట్టాలో చీటీ చెబుతుంది, కట్టేటప్పుడు ఆ ఇద్దరూ కలిసి ముడి వేయాలి.

ఇలా ఒకరి గుడ్డను మరొకరి గుడ్డతో ముడివేయడం చూడడానికి చిన్న విషయమే. కానీ ముడి వేయాలంటే ఇద్దరూ దగ్గరగా నిలబడాలి, ఒకరు పట్టుకోవాలి, ఒకరు లాగాలి. చాలాకాలంగా పలకరింపులతోనే సరిపెట్టుకున్న కుటుంబాలు అలా ఒక పూట పనిచేశాయి. సంఘంలోని తేడాలన్నీ అక్కడితో తీరిపోయాయని నేను అనను, అలా అంటే అబద్ధమవుతుంది. ఆ పూట జరిగింది మాత్రం నిజం.

చీరను పీలికలుగా చేయడంలోనూ నేర్చుకోవలసింది ఉంది. నేత చీర అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి చేత్తో లాగితే పోగు వెంట సూటిగా చినుగుతుంది. పడుగు వెంట చింపితే పొడవాటి పీలిక వస్తుంది, పేక వెంట అయితే పొట్టిది వస్తుంది. నూలు గుడ్డ అంచుల్లో పోగులు లేచి మెత్తగా కనిపిస్తాయి, పాలిస్టరుకు మాత్రం అంచు కాల్చకపోతే పోగులు ఊడిపోతూనే ఉంటాయి. చీర చింపే చప్పుడు విని ఒకావిడ బయటికి వెళ్లిపోయారు. అది ఆమె భర్త కొనిచ్చిన ఆఖరి చీర. కళాకారిణి అది గమనించి, చింపడం ఇష్టం లేనివాళ్లు చీరను నిలువునా మడిచి మొత్తంగా వేలాడదీయవచ్చని ఆ రోజే ప్రకటించారు. దానితో పీలికల మధ్య అక్కడక్కడ నిండు చీరలు నిలువుగా దిగాయి. శిల్పానికి బరువూ లోతూ ఇచ్చినవి చివరకు అవే.

లేసు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నర్సాపురం ప్రాంతపు లేసు అల్లిక 1844లో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చిందని చరిత్ర. మొదట్లో క్రైస్తవం తీసుకున్న దళిత స్త్రీలకు అది జీవనాధారమైంది. తరువాత ఇతర కులాల స్త్రీల చేతుల్లోకీ వెళ్లి, ఇళ్లలో కూర్చుని ముక్కకు ఇంత అని కూలి తీసుకునే పరిశ్రమగా మారింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన చర్చిల్లో బల్ల మీద పరిచే తెల్ల గుడ్డ అంచున ఆ లేసు చాలాచోట్ల కనిపిస్తుంది. తెలుగు క్రైస్తవ స్త్రీలకు గుడ్డతో చర్చిలో చేసే పని కొత్తది కాదని, దాని కింద చేసినవాళ్ల పేరు రాయకపోవడమే ఆచారమని ఇది గుర్తు చేస్తుంది. కూతురి దగ్గరికి వచ్చి ఉన్న ఒక మామ్మగారు నర్సాపురం దగ్గరి పల్లె నుంచి తెచ్చిన లేసు బల్లగుడ్డను సేకరణకు ఇచ్చారు. దాన్ని కత్తిరించబోతే మాత్రం అడ్డుపడ్డారు. “కత్తిరిస్తే అది లేసు కాదమ్మా, పీలిక. కొత్తది అల్లి ఇస్తాను, ఎంత కావాలో చెప్పండి” అన్నారు.

కళాకారిణి అసలు ఏర్పాటు ప్రకారం పైన ఒక అల్యూమినియం ఉంగరం, దానికి వరుసగా కొక్కేలు, కొక్కేనికి ఒక పీలిక. మామ్మగారు క్రోషియా సూదితో గొలుసు కుట్టు వేస్తూ వల లాంటిది అల్లడం చూశాక ఆమె కొక్కేలను వదిలేశారు. ఉంగరానికి దారపు వల బిగించి, పీలికలను ఆ వల కళ్లకు కట్టాలని నిర్ణయించారు. అల్లిక వచ్చినవాళ్లు, ఇద్దరు మెథడిస్టు స్త్రీలతో సహా, మామ్మగారి పక్కన కూర్చున్నారు. మామ్మగారికి ఇంగ్లీషు రాదు, ఆ ఇద్దరికీ తెలుగు రాదు, కుట్ల లెక్క మాత్రం ముగ్గురికీ ఒకటే. వల వేసిన తరువాత శిల్పం ప్రవర్తనే మారింది. కొక్కెం మీద వేలాడే పీలిక ఒంటరిగా ఊగుతుంది. వలకు కట్టిన పీలికను లాగితే చుట్టుపక్కలవి కూడా కదులుతాయి, బరువు ఒక్కచోట పడకుండా పక్క కళ్లకు పాకుతుంది. నేను పైన చెప్పిన తూకం ప్రకారం చూస్తే, ఈ సేవ నిస్సందేహంగా నెగ్గింది ఇక్కడే. ఆ మామ్మగారు ఆ ఏడాది అమెరికా రాకపోయి ఉంటే మా శిల్పం వేరుగా ఉండేది.

రాత విషయంలో మాత్రం సేవ తడబడింది, ఇది తెలుగు సంఘాలన్నీ ముందే చూసుకోవలసిన అంశం. సూచనల కాగితం ఇంగ్లీషులోనే ఇచ్చారు. పీలిక నాలుగు వేళ్ల వెడల్పు ఉంటుంది, నిలువుగా వేలాడుతుంది కాబట్టి అక్షరం కింద అక్షరం రాయమని అందులో ఉంది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. తెలుగులో గుణింతపు గుర్తులు పైన, ఒత్తులు కింద వస్తాయి. ఒక అబ్బాయి ‘కృతజ్ఞత’ అని అలా నిలువుగా రాస్తే ‘జ్ఞ’ కిందికి దిగి ‘త’ మీద కూర్చుంది, ఎవరూ చదవలేకపోయారు. పీలికను బల్ల మీద అడ్డంగా పరిచి మామూలుగా ఒకే పంక్తిలో రాయడమే దీనికి సరైన పద్ధతి, వేలాడినప్పుడు చదివేవాళ్లు తల పక్కకు వంచి చదువుకుంటారు. ఇది మా ఆదివారపు బడి ఉపాధ్యాయిని కనిపెట్టి అందరికీ చెప్పారు. శాటిన్ మీద సిరా పాకుతుందని, నూలు మీద రాసి వెనక వైపు ఇస్త్రీ చేస్తే నిలుస్తుందని కూడా కాగితంలో లేదు. అన్నిటికంటే ఇబ్బంది కలిగించింది, వేలాడదీసే రోజున తెలుగు అక్షరాలు తెలియని సహాయకులు కొన్ని పీలికలను తలకిందులుగా కట్టడం. అప్పటికే నిచ్చెనలు మడిచేశారు. కళాకారిణి క్షమాపణ చెప్పి మరుసటి వారం వచ్చి సరిచేశారు, అదనంగా ఏమీ తీసుకోలేదు. కట్టే చోట తెలుగు చదవగలవాళ్లు ఒకరు తప్పనిసరిగా ఉండాలని నా సలహా.

రాయడం రానివాళ్ల గురించి ఆమెకు ముందు ఆలోచన లేదు. ఒక పెద్దావిడ కలం తీసుకోకుండా, బిడ్డల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ ఒక్కో పేరుకు ఒక్కో ముడి వేసి పీలికను తిరిగి ఇచ్చారు. చనిపోయిన బిడ్డకు కూడా ముడి ఉంది. కళాకారిణి ఆ తరువాత కూటం నుంచి రాత, ముడి, కుట్టు అని మూడు బల్లలు వేయించారు. రాయగలిగినవాళ్లలో కూడా చాలామంది ముడుల బల్ల దగ్గరికే వెళ్లారు. రాతను అందరూ చదువుతారు, ముడి దేనికో వేసినవాళ్లకే తెలుస్తుంది కదా.

యువకులను ఈ సేవ సరిగా అందుకోలేకపోయింది. చిన్నపిల్లలకు పని దొరికింది, పెద్దలకు దొరికింది. పద్నాలుగు, పదిహేనేళ్ల వాళ్లకు కుర్చీలు మోయడం, ఫోటోలు తీయడం తప్ప ఏమీ ఇవ్వలేదు. తాళ్లు, బరువులు, లైట్లు వాళ్ల చేతికి ఇవ్వవలసింది.

నిప్పు విషయం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అందరూ ఆఖరుకు వదిలేసేది ఇదే. 2001 డిసెంబరులో సెయింట్ జాన్ ది డివైన్‌లో అగ్నిప్రమాదం జరిగి ఉత్తర భాగం కాలిపోయింది, 17వ శతాబ్దపు బార్బెరీని నేత తెరల్లో (బొమ్మలు నేసిన గోడ తెరలు) రెండు దెబ్బతిన్నాయి. అలాంటి నేతపనులను కాపాడడానికే ఆ కెథెడ్రల్‌లో 1981లోనే ఒక వస్త్ర సంరక్షణ ప్రయోగశాల ఏర్పడింది. జనం గుమిగూడే భవనంలో ఎత్తున గుడ్డ వేలాడదీయాలంటే అది మంట అంటుకుని పాకకుండా ఉండాలి, అమెరికాలో దీనికి సాధారణంగా చూసేది ఎన్‌ఎఫ్‌పీఏ అనే అగ్నిభద్రతా సంస్థ పెట్టిన 701వ నంబరు ప్రమాణం. నూలు మండుతుంది, పాలిస్టరు కరిగి బొట్లుగా కారుతుంది. రెండూ ప్రమాదమే. వాడిన గుడ్డలు కనుక ప్రతిదానికీ మంట నిరోధక ద్రావణం పట్టించాలి. నమూనా ముక్క మీద పరీక్షించినప్పుడు జరీ కళ తప్పింది, ఒక పట్టుచీర రంగు కారింది. ఆ రెండు రకాలనూ పక్కన పెట్టి, వాటి యజమానులకు నచ్చజెప్పి వేరే గుడ్డ తెప్పించాల్సి వచ్చింది. ద్రావణం, ధ్రువపత్రం ఖర్చులు రుసుములో లేవని మాకు ఆలస్యంగా తెలిసింది. అది ఒప్పందంలో స్పష్టంగా ఉండవలసిన విషయం. క్రిస్మస్ కొవ్వొత్తుల ఆరాధన ఆ ఏడు విద్యుత్ కొవ్వొత్తులతో జరిగింది. కొందరు పెద్దలకు నచ్చలేదు, నా ఉద్దేశంలో అది సరైన నిర్ణయమే.

వేలాడదీసిన తీరుకు మాత్రం పూర్తి మార్కులు ఇస్తాను. పైకప్పు దూలాలకు ఎంత బరువు ఆనుతుందో ముందే భవన పరీక్షకుడితో చూపించారు, ఉంగరానికి ప్రధాన తీగతో పాటు రక్షణ తీగ వేరుగా వేశారు, బీమా పత్రం అడగకముందే మెథడిస్టు పెద్దలకు ఇచ్చారు. వెచ్చని గాలి వచ్చే జాలీకి ఎదురుగా ఉంగరం ఉండడంతో ఆరాధన మధ్యలో పీలికలు నెమ్మదిగా తిరిగేవి. సిలువ కనిపించాలి, పాటల తెర కనిపించాలి, వెనక బల్లల నుంచి కూడా కనిపించాలి. ఈ మూడింటికీ సరిపడే ఎత్తు కోసం ఉంగరాన్ని రెండుసార్లు పైకి జరిపారు. కింది అంచు మాత్రం నిలబడ్డ మనిషి చేతికి అందేంతలోనే ఉంచమని మేము అడిగాం. న్యూయార్క్‌లో చూసినదానికీ మా శిల్పానికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. ఆరాధన అయ్యాక జనం కిందికి వచ్చి తమ పీలికను వెతుక్కుని, దానికి ముడిపడి ఉన్నది ఎవరిదో చూసేవాళ్లు. చేతులు తగిలి అంచులు నలిగాయి, కొన్ని మాసిపోయాయి. అందులో నాకు బాధ లేదు.

దించిన తరువాత ఏమిటన్నది మేము ఆలస్యంగా ఆలోచించిన విషయం. మామూలుగా అయితే ఎవరి గుడ్డ వాళ్లకు ఇచ్చేస్తామని చెప్పి ఉన్నారు. ఒకరి గుడ్డ మరొకరి గుడ్డకు ముడిపడి, ఆ ముడి వలకు కట్టి ఉన్నప్పుడు దేన్ని ఎవరికి ఇవ్వడం? విప్పవద్దన్నవాళ్లు ఎక్కువమంది. వల ఉంగరంతో సహా ఇప్పుడు ఆలయం నేలమాళిగలో, నూలు దుప్పటి చుట్టి, చెదలు చెమ్మ తగలకుండా ఒక పెట్టెలో ఉంది. నిండు చీరలు మాత్రం తిరిగి వెళ్లాయి. శిల్పం ఫోటోలను కళాకారిణి తన ప్రచారానికి వాడుకోవచ్చా, పీలికల మీద రాసిన ప్రార్థనలు అందులో చదవడానికి వీలుగా ఉండవచ్చా, అన్నది కూడా ముందే రాసుకోవాలి. మా విషయంలో ఆమె అడిగి, వద్దన్నవాళ్ల పీలికలు కనిపించకుండా దూరం నుంచి తీసిన ఫోటోలనే వాడారు. అందరూ అంత జాగ్రత్తగా ఉంటారని అనుకోలేం.

ఖర్చు మా సంఘం ఏటా క్రిస్మస్ అలంకరణకు పెట్టేదానికంటే బాగా ఎక్కువైంది, మంట నిరోధక ద్రావణం కలిపితే ఇంకొంచెం. చిన్న సంఘాలు తమ భవనాన్ని పంచుకునే ఇతర సంఘంతో కలిసి భరించడం మంచిది. అలా చేస్తే ఖర్చు తగ్గుతుంది, పని కూడా వేరుగా వస్తుంది. ఆలయానికి ఒక అందమైన అలంకారం మాత్రమే కావాలనుకునేవాళ్లకు ఈ సేవ అవసరం లేదు. రిబ్బన్లు కొనుక్కుని యువజన బృందం చేతనే కట్టించుకోవచ్చు. తమలో తాము మాట్లాడుకోని విషయాలు ఉన్నాయని తెలిసి, వాటి దగ్గరికి వెళ్లడానికి ఒక పని కావాలనుకునే సంఘాలకు నేను దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. కళాకారులను ఎంచుకునేటప్పుడు వాళ్ల పాత పనుల ఫోటోలు చూసి ఊరుకోకండి, మొదట గీసిన నమూనా చిత్రం కూడా చూపించమని అడగండి. రెండూ అచ్చం ఒకేలా ఉంటే మరొకరిని చూసుకోండి.

తీసుకోదలచిన సంఘాలు సమయం విషయంలో ఉదారంగా ఉండాలి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు ఆరాధనలకు శిల్పం పైన ఉండాలనుకుంటే గుడ్డల సేకరణ అంతకు ముందరి వేసవి చివర్లోనే మొదలవ్వాలి. ఇంటి నుంచి తల్లి చీరో తండ్రి పంచో రప్పించుకోవాలని చాలా కుటుంబాలు కోరుకుంటాయి, ఇండియా నుంచి వచ్చేవాళ్లెవరైనా పెట్టెలో పెట్టుకుని తేవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.